పక్షవాతం వచ్చిన అమ్మగారిని చేర్చబోయే సంరక్షణ గృహం మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా

మీరు రాసిన వివరాలను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే నా జవాబంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది. మీ అమ్మగారికి 76 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటున్నారు. ముక్కు గొట్టం తీసేశాక మెత్తటి ఆహారం నోటితోనే తింటున్నారు కానీ మూత్రపు గొట్టం ఇంకా అలాగే ఉంది. మీరు డాలస్‌లో, తమ్ముడు బెంగళూరులో, పిన్నిగారు హైదరాబాదులో ఉన్నారు. సెలవు మీద వచ్చిన మీరు మూడు చోట్లు చూశారు: నగర శివార్లలో తోటతో సహా విశాలంగా కట్టినది ఒకటి, కాలనీలో మూడంతస్తుల అద్దె ఇంటిని గృహంగా మార్చినది ఒకటి, ఒక చిన్న ఆసుపత్రి పై అంతస్తులో నడుస్తున్నది ఒకటి. అమెరికాలో ఉన్నట్టు ఇక్కడ స్టార్ రేటింగ్ లాంటిది లేదా అనీ, లేకపోతే దేన్ని చూసి నమ్మాలి అనీ మీ ప్రశ్న. వృద్ధుల వార్డులలో నర్సుగా, ఆ తరువాత ఇలాంటి గృహాలలో నర్సింగ్ పర్యవేక్షకురాలిగా పనిచేసిన అనుభవంతో జవాబు చెబుతున్నాను.

రేటింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికాలో 1987 నాటి చట్టం తరువాత మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమునూ రాష్ట్ర తనిఖీదారులు ముందు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. ఆ ఫలితాలకు సిబ్బంది లెక్కలనూ, రోగుల ఆరోగ్య సూచికలనూ కలిపి 2008 చివరి నుంచి ఒకటి నుంచి ఐదు వరకూ నక్షత్రాలు ఇస్తున్నారు. అక్కడ కూడా ఆరోగ్య సూచికలలో చాలా భాగం ఆ సంస్థలు తమ గురించి తాము రాసి పంపేవే కాబట్టి, తెలిసినవారు మొత్తం నక్షత్రాల కంటే తనిఖీ నివేదికనూ, జీతాల పట్టీల నుంచి లెక్క తీసిన సిబ్బంది గంటలనూ ఎక్కువ నమ్ముతారు. మన దగ్గర ఎవరైనా తెరిచి చదువుకోగలిగేలా ప్రభుత్వం ప్రచురించే అలాంటి జాబితా లేదు. గూగుల్‌లో కనిపించే ఐదు చుక్కలను దానికి బదులుగా తీసుకోవద్దు. వాటిని రాసేది మంచంలో పడుకున్నవారు కాదు. అందువల్ల ఆ తనిఖీదారు పని మీరే చేయాలి, అది అనుకున్నంత కష్టమేమీ కాదు.

వైద్య సేవల నాణ్యతను కొలవడం గురించి ఎవేడిస్ డోనబేడియన్ అనే వైద్యుడు 1966లో ప్రతిపాదించిన పద్ధతి ఒకటి ఉంది. సౌకర్యాలు ఏమున్నాయి, వాటితో జరుగుతున్న పని ఏమిటి, దాని ఫలితం రోగి ఒంటి మీద ఎలా కనిపిస్తోంది అని మూడుగా విడదీసి చూడమంటాడు ఆయన. మన కుటుంబాలు మొదటి దానితోనే ఆగిపోతాయి. గదులు, ఏసీ, తోట, పూజ గది, సాయంత్రం భజన, సీసీ కెమెరాలు చూసుకుని అడ్వాన్సు కట్టేస్తారు. మీ ఉత్తరంలో కూడా మొదటి గృహం గురించి రాసిన పది పన్నెండు వాక్యాలలో తొమ్మిది భవనం గురించే ఉన్నాయి. మీ అమ్మగారు తోటలోకి వెళ్లాలంటే ఆవిడను మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరు ఉన్నారా, ఆ వేళకు ఖాళీగా ఉంటారా అన్నది తేలనంత వరకూ తోట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మంచం పట్టిన మనిషికి సంరక్షణ అంటే చేతులు, ఆ చేతులకు దొరికే సమయం. కాబట్టి ప్రతి ప్రశ్ననూ మనుషుల లెక్కలోకీ, నిమిషాల లెక్కలోకీ మార్చి అడగండి. ఉదాహరణకు 24 మంది ఉన్న గృహంలో 14 మంది సొంతంగా పక్కకు తిరగలేనివారు అనుకుందాం. ఒకరిని పక్కకు తిప్పడం, డైపర్ చూడడం, తడిసి ఉంటే తుడిచి మార్చడం, దుప్పటి ముడతలు సర్దడం, ఇవన్నీ సరిగ్గా చేస్తే ఇద్దరు మనుషులకు పది నిమిషాలు పడుతుంది. పద్నాలుగు మందికి 140 నిమిషాలు. రెండు గంటలకోసారి తిప్పుతామని వాళ్లు చెబితే వాళ్లకున్నది 120 నిమిషాలే. అంటే రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉంటే, వాళ్లు నీళ్లు కూడా తాగకుండా పనిచేసినా ఆ మాట నిలబెట్టుకోలేరు. పరుపు మంచిదైతే కొందరికి ఈ వ్యవధిని మూడు నాలుగు గంటలకు పెంచవచ్చునని అధ్యయనాలున్నాయి, కానీ అది ఒక్కొక్కరి చర్మం చూసి నర్సు తీసుకోవలసిన నిర్ణయం, మనుషులు చాలక పెంచేది కాదు. మేనేజరును రాత్రి ఎందరు డ్యూటీలో ఉంటారు, వారిలో నర్సులెందరు, తిరగలేని రోగులెందరు అని మూడు అంకెలు అడిగి, పక్కన కూర్చునే ఈ లెక్క వేసుకోండి. మొత్తం సిబ్బంది సంఖ్య చెబితే సరిపోదు. అందులో వంటవారు, డ్రైవరు, వాచ్‌మన్, సెలవులో ఉన్నవారు కూడా కలిసి ఉంటారు.

భోజనానికీ ఇదే లెక్క. పక్షవాతం తరువాత మింగడం పూర్తిగా కుదుటపడనివారికి తినిపించడానికి అరగంట పడుతుంది. తినిపించవలసినవారు ఎనిమిది మంది, తినిపించేవారు ఇద్దరు అయితే ఒక్క పూటకు రెండు గంటలు. అంత సమయం ఏ గృహమూ ఇవ్వదు కాబట్టి జరిగేది వేరు: చెంచాలు వేగంగా నోట్లోకి వెళతాయి, మింగకముందే మరో చెంచా వస్తుంది, దగ్గు వస్తుంది, పది రోజులకు న్యుమోనియా అని ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది. దాన్ని అందరూ వయసు మీద నెడతారు.

ఆ చేతులు ఎవరివి అన్నది తరువాతి ప్రశ్న. మన గృహాలలో తెల్ల దుస్తులు వేసుకున్న ప్రతి అమ్మాయినీ సిస్టర్ అనే పిలుస్తారు. వారిలో మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమా గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారు ఎందరో, కొన్ని వారాల శిక్షణతో వచ్చిన అటెండెంట్లు ఎందరో విడివిడిగా అడగండి. అటెండెంట్లను తక్కువ చేసి చెప్పడం లేదు, రోగిని నిజంగా చూసుకునేది వాళ్లే. అయితే ఇన్సులిన్ మోతాదు నిర్ణయం, ఊపిరి తేడాను గుర్తించడం, డాక్టరుకు ఎప్పుడు ఫోను చేయాలన్నది వాళ్ల మీద వదిలేయకూడదు. నమోదైన నర్సు పగలు మాత్రమే ఉండి, రాత్రి ఫోనులో అందుబాటులో ఉంటారంటే, ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి ఆ గృహం సరిపోదని నా అభిప్రాయం. ఇంకొకటి, హైదరాబాదు గృహాలలో చాలామంది అటెండెంట్లు ఒడిశా, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఎంతో ఓర్పుగా చేసేవారిని వారిలో చూశాను. కానీ మాట పోయిన మీ అమ్మగారు తలూపి, ముఖం తిప్పి మాత్రమే జవాబు చెప్పగలరు. ఆవిడతో తెలుగులో మాట్లాడేవారు ప్రతి షిఫ్టులో ఒక్కరైనా ఉండాలని పట్టుబట్టండి. ఏజెన్సీ నుంచి వచ్చే అటెండెంట్లు ఎన్నాళ్లు నిలుస్తున్నారని కూడా అడగండి, ఈ ప్రశ్న మేనేజరును కాక అటెండెంట్లనే, నువ్వు ఇక్కడ ఎప్పటి నుంచి చేస్తున్నావమ్మా అని మామూలుగా అడిగితే నిజం తెలుస్తుంది.

మీరు మూడు చోట్లకూ ముందుగా ఫోను చేసి, ఉదయం పదకొండు గంటలకు వెళ్లానని రాశారు. ఆ వేళకు స్నానాలు, టిఫిన్లు, డైపర్లు అన్నీ అయిపోయి ఏ గృహమైనా చక్కగానే ఉంటుంది. మళ్లీ వెళ్లండి, చెప్పకుండా వెళ్లండి. రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి, తెల్లవారి ఆరింటికి ఒకసారి, ఆదివారం సాయంత్రం ఒకసారి వెళ్లగలిగితే మంచిది. తెల్లవారి ఆరింటికి కనిపించేది రాత్రంతా జరిగిన పని: డైపర్లు ఎంత బరువుగా ఉన్నాయి, ఎవరు ఏ భంగిమలో పడుకుని ఉన్నారు, రాత్రి డ్యూటీవాళ్లు ఎక్కడ ఉన్నారు. సంక్రాంతి, దసరా సెలవులలో వెళ్లే వీలుంటే అంతకంటే మంచి పరీక్ష ఉండదు, ఎందుకంటే సిబ్బంది సగానికి తగ్గే రోజులు అవే, ఆ రోజులకు ముందే ఏర్పాటు చేసుకున్న గృహాన్ని నమ్మవచ్చు. రాత్రి చూడడానికి వీల్లేదని, మిగతావారి నిద్ర పాడవుతుందని చెబితే అందులో కొంత న్యాయం ఉంది. వార్డులోకి కాకపోయినా వరండా వరకూ, నర్సు కూర్చునే చోటి వరకూ రానివ్వాలని అడగండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ గృహాన్ని జాబితాలో నుంచి తీసేయండి.

లోపలికి అడుగుపెట్టాక ముక్కు పనికొస్తుంది, అయితే జాగ్రత్తగా. ఏదో ఒక గదిలో ఒక వేళ మూత్రం వాసన రావడం సహజం, అప్పుడే ఎవరికో అవసరం పడి ఉంటుంది. వరండా అంతటా, వెళ్లిన ప్రతిసారీ వస్తే అది మనుషుల కొరత. ఏ వాసనా లేకుండా ఫినాయిలు, రూమ్ ఫ్రెషనరు మాత్రమే ముక్కు పగిలేలా వస్తే నేను దాన్ని కూడా మంచి గుర్తుగా తీసుకోను.

ఇక మీ అమ్మగారి పరిస్థితికి సంబంధించి ప్రత్యేకంగా చూడవలసినవి ఉన్నాయి, నా దృష్టిలో ఈ ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇదే. కుడి వైపు పడిపోయిన మరో రోగి ఆ గృహంలో ఉంటే, ఆ మనిషిని మంచం మీద నుంచి ఎలా లేపుతున్నారో నిలబడి చూడండి. పడిపోయిన చేతిని పట్టుకుని గానీ చంకలో చెయ్యి వేసి గానీ పైకి లాగితే, బిగువు పోయిన ఆ భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది, మాట లేని మనిషి ఆ నొప్పి సంగతి చెప్పుకోలేదు కూడా. శిక్షణ పొందినవారు నడుము దగ్గర బెల్టు గానీ మడిచిన దుప్పటి గానీ వేసి, బలమున్న వైపు కుర్చీ పెట్టి లేపుతారు. కూర్చోబెట్టాక పడిపోయిన చేతి కింద దిండు పెడతారు. ఈ ఒక్క పని చూస్తే అక్కడ ఎవరైనా ఫిజియోథెరపిస్టు సిబ్బందికి నేర్పించారా లేదా తెలిసిపోతుంది. బ్రోషరులో ఫిజియోథెరపీ ఉంది అని రాసి ఉండడం వేరు.

పిలిచే గంట ఎటువైపు ఉందో చూడండి. కుడి చెయ్యి పనిచేయని మనిషికి కుడి వైపు గోడకు గంట ఉంటే అది లేనట్టే. ఎడమ చేతికి అందేలా తాడుతో గానీ వైర్లెస్ బటన్‌తో గానీ ఏర్పాటు చేయగలరా అని అడగండి. ఖాళీగా ఉన్న మంచం దగ్గర గంట నొక్కి, గడియారం చూసుకుంటూ కూర్చోండి. ఎవరైనా ఎంతసేపటికి వచ్చారు, వచ్చినవారు విసుగ్గా వచ్చారా, మామూలుగా వచ్చారా అన్నది మీకే అర్థమవుతుంది. అసలు గంటలు పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ గట్టిగా కేకలు వేయగలిగినవారికే ముందు పలుకుతారు. మీ అమ్మగారు కేక వేయలేరు.

భోజన వేళకు వెళ్లి తినిపించడం చూడండి. రోగి నిటారుగా కూర్చుని ఉండాలి, గడ్డం కొంచెం కిందికి వంచి ఉండాలి, తినిపించేవారు ఎదురుగా, అదే ఎత్తులో కూర్చోవాలి. నిలబడి తినిపిస్తే రోగి తల పైకెత్తాలి, అప్పుడు ఆహారం శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం పెరుగుతుంది. పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద మిగిలిపోతుంది, అది రోగికి తెలియదు. తినిపించాక నోరు తెరిపించి, ఆ బుగ్గలో చూసి, శుభ్రం చేసేవారు ఉన్న గృహం నాకు నచ్చుతుంది. తిన్న వెంటనే పడుకోబెట్టకుండా కనీసం అరగంట కూర్చోబెట్టాలి. నోటి శుభ్రత చిన్న విషయంగా కనిపిస్తుంది. జపాన్‌లోని 11 వృద్ధుల గృహాలలో రెండేళ్ల పాటు జరిపిన అధ్యయనంలో, ప్రతి భోజనం తరువాత పళ్లు తోమించిన వృద్ధులలో న్యుమోనియా గణనీయంగా తగ్గినట్టు తేలింది. కాబట్టి మంచాల పక్కన టూత్ బ్రష్షులు ఉన్నాయా, అవి తడిగా ఉన్నాయా అని చూడండి. ఎండిపోయి, ముళ్లు విరగని కొత్త బ్రష్షు అలంకారానికి పెట్టినది.

చర్మం గురించి. గృహంలోని మిగతావారి ఒంటిని చూడడం మీకు సాధ్యం కాదు, అది వారి మర్యాదకు కూడా తగదు. కానీ మడమలు తరచుగా దుప్పటి బయటే ఉంటాయి. మడమలు పరుపుకు ఆనుకుని ఉన్నాయా, పిక్కల కింద దిండు పెట్టి గాలిలో ఉంచారా చూడండి. ఎయిర్ బెడ్ ఉంది కాబట్టి తిప్పనక్కర్లేదని ఎవరైనా చెబితే వారికి ఈ పని తెలియదన్నమాట. బెడ్ సోర్స్, అంటే కదలకుండా పడుకోవడం వల్ల ఒరిపిడికి పడే పుండ్ల మొదటి దశ, తెల్లటి చర్మం మీద ఎర్రటి మచ్చగా కనిపిస్తుందని పుస్తకాలు చెబుతాయి. మన చర్మపు రంగు మీద అది నల్లబడినట్టో, ఊదా రంగులోనో కనిపిస్తుంది, కొన్నిసార్లు రంగే మారదు, చేత్తో తాకితే చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. నర్సును మీరు మొదటి దశను ఎలా గుర్తిస్తారమ్మా అని అడిగితే, తాకి చూస్తామన్న మాట ఆమె నోటి నుంచి రావాలి. చేర్చుకునే రోజున బ్రేడెన్ స్కేలు మీద గానీ అలాంటి మరో పద్ధతిలో గానీ పుండ్లు పడే ప్రమాదాన్ని అంచనా వేసి రాసుకుంటారా అనీ అడగండి. ఆ స్కేలు మీద 6 నుంచి 23 వరకూ మార్కులుంటాయి, 18 లేదా అంతకు తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు.

మూత్రపు గొట్టం ఇంకా ఎందుకు ఉందో మీరు రాయలేదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు పెట్టినది అలాగే వదిలేసి ఉంటే, తీసేయవచ్చునేమో డాక్టరును అడగండి. గొట్టం ఉన్న ప్రతి రోజూ బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం వరకూ పెరుగుతూ పోతుంది. ఈ విషయంలో గృహం ఏమంటుందన్నది మీకు మంచి కొలబద్ద. తీసేద్దాం, రెండు మూడు గంటలకోసారి బెడ్‌పాన్ పెట్టి అలవాటు చేద్దాం అనేవారు పనికి సిద్ధపడినవారు. ఉంచేయండి మేడమ్, ఆవిడకూ సుఖం, మాకూ సుఖం అనేవారి దగ్గర ఆ రెండో సుఖమే అసలు కారణం. ఇప్పటికే గొట్టాలున్న రోగుల సంచులు నేలకు తగులుతున్నాయా, మంచం మీదే పడేసి ఉన్నాయా, లేక మూత్రాశయం కంటే కింద, నేలకు తగలకుండా వేలాడదీసి ఉన్నాయా అన్నది దారిలో నడుస్తూనే చూడవచ్చు.

మందుల దగ్గర రెండు మూడు ప్రశ్నలు చాలు. ఇన్సులిన్ ఎన్నింటికి ఇస్తారు, టిఫిన్ ఎన్నింటికి పెడతారు అని ఇద్దరిని విడివిడిగా, నర్సునూ వంటగదివారినీ అడగండి. ఏడింటికి సూది వేసి తొమ్మిదింటికి ఇడ్లీ పెట్టే చోట షుగరు పడిపోతుంది. కళ్లు తిరుగుతున్నాయని మీ అమ్మగారు చెప్పలేరు కాబట్టి, నిద్రపోతున్నారనుకుని వదిలేస్తారు. ఆవిడ సరిగ్గా తినని పూట ఇన్సులిన్ ఏం చేస్తారన్న ప్రశ్నకు, డాక్టరు రాసి ఇచ్చిన సూచన కాగితం ఉంది, ఇదిగో అని చూపించాలి. రెండోది, ఆవిడ మందుల చీటీ ఇచ్చి ఇందులో నూరకూడని మాత్రలు ఏవి అని నర్సును అడగండి. మింగలేనివారికి అన్నీ కలిపి రోట్లో నూరి ఇచ్చేయడం మన గృహాలలో సర్వసాధారణం. మెల్లగా విడుదల కావలసిన షుగరు, బీపీ మాత్రలను నూరితే రోజంతటి మోతాదూ ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది.

మూడోది మత్తు గురించి. పగలు పదకొండు గంటలకు హాల్లో కూర్చున్నవారిలో ఎక్కువమంది తలలు వాల్చి, పిలిస్తే పలకకుండా ఉంటే, గొడవ లేకుండా ఉండడానికి ఏదో ఇస్తున్నారేమోనని అనుమానించాలి. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులకు క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మానసిక వ్యాధుల మందులు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే ఆ మందులకు అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. కొందరికి వాటి అవసరం నిజంగా ఉంటుంది, అది మానసిక వైద్యుడు చూసి, కుటుంబానికి చెప్పి, ఎప్పుడు ఆపాలో రాసి మొదలుపెట్టవలసినది. మీ అనుమతి లేకుండా నిద్ర మందులు గానీ ఇలాంటివి గానీ మొదలుపెట్టకూడదని ఒప్పందంలో రాయించండి. మంచానికి చేతులు కట్టడం గురించి కూడా అదే వాక్యంలో రాయించండి.

చార్టులు చూపించమంటే చాలా చోట్ల సంతోషంగా చూపిస్తారు. వాటిని చదివే పద్ధతి ఒకటుంది. రోగిని తిప్పిన వేళలన్నీ సరిగ్గా రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అని, మూడు షిఫ్టులలోనూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే అవి తిప్పినప్పుడు రాసినవి కావు. మీరు మధ్యాహ్నం మూడింటికి చూస్తున్న కాగితంలో సాయంత్రం ఆరు గంటల గడి కూడా నిండి ఉన్న సందర్భాలను నేను చూశాను. రెండు గంటల పది నిమిషాలు, నాలుగున్నర, మధ్యలో ఒకచోట రోగి తినలేదు అని గీకిన రాత, సంతకం మార్పు, ఇలాంటి గజిబిజి కాగితమే నమ్మదగినది. పక్కనే సూదులు ఎక్కడ పారేస్తున్నారో చూడండి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన సూదులు గుచ్చుకోని తెల్లటి పెట్టెలోకి వెళ్లాలి. మామూలు చెత్తబుట్టలో ఇన్సులిన్ సూదులు కనిపిస్తే, కనిపించని చోట ఇంకేం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఇక్కడ ఎవరికైనా బెడ్ సోర్స్ వచ్చాయా అని అడగకండి, లేదనే జవాబు వస్తుంది. చివరిసారి ఎవరికి వచ్చింది, అప్పుడు మీరేం చేశారు అని అడగండి. అలాగే చివరిగా కింద పడినది ఎవరు, చివరిగా ఆసుపత్రికి పంపినది ఎవరిని, ఎన్ని గంటలకు గుర్తించారు, ఏ ఆసుపత్రికి, వెంట ఎవరు వెళ్లారు, కుటుంబానికి ఎప్పుడు చెప్పారు. పదిహేను మంది మంచం పట్టినవారున్న చోట ఒక్కరికీ పుండు పడలేదనీ, ఎవరూ పడిపోలేదనీ చెప్పే మేనేజరు కంటే, మొన్న ఒకరికి పడింది, ఆసుపత్రి నుంచే వచ్చింది, ఇప్పుడు ఇంత మానింది అని కొలతతో చెప్పే నర్సు ఉన్న చోటే నేను మా ఇంటివారిని పెడతాను. ఆదివారం సాయంత్రం గేటు దగ్గర కనిపించే ఇతర కుటుంబాలతో మాట్లాడండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, పెట్టిన తరువాత బాగోలేదని చెప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. ఏ విషయానికి మీరు గొడవపడవలసి వచ్చింది, ఆ తరువాత మారిందా అని అడగండి.

చట్టం గురించి కొద్దిగానే చెబుతాను. సొసైటీగానో ట్రస్టుగానో నమోదైన కాగితం ఆ సంస్థ ఉందని మాత్రమే చెబుతుంది, సంరక్షణ గురించి ఏమీ చెప్పదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది, దాని కింద ఆర్డీవో అధ్యక్షతన ట్రిబ్యునళ్లు ఉన్నాయి, కానీ అవి ప్రధానంగా పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికి పనిచేస్తాయి. డబ్బు కట్టించుకుని చెప్పిన సేవ చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వేధింపు గానీ నిర్లక్ష్యం గానీ కనిపిస్తే వృద్ధుల సహాయవాణి 14567 ఉంది, ఆ నంబరు పిన్నిగారి ఫోనులో పెట్టించండి. ఒప్పందంలో డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టరు రాకపోకలు, ఆక్సిజన్, అంబులెన్సు ఏవి నెలవారీ సొమ్ములో కలిసి ఉన్నాయో, ఏవి విడిగానో, డిపాజిట్ ఎప్పుడు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, ఏ పరిస్థితిలో అమ్మగారిని తీసుకెళ్లమంటారో రాసి ఉండాలి. మంటలు వస్తే పై అంతస్తు నుంచి స్ట్రెచరు దిగే దారి ఉందా, లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా అని కొలిచి చూడండి.

చేర్చాక మీ పని అయిపోదు, అక్కడి నుంచే అసలు మొదలవుతుంది, అందులో ముఖ్యమైన మనిషి పిన్నిగారు. వారానికి రెండుసార్లు, వేర్వేరు వేళలలో, చెప్పకుండా వెళ్లేవారు ఉన్న రోగిని సిబ్బంది మరింత జాగ్రత్తగా చూస్తారు. అది అన్యాయమే అయినా వాస్తవం. వీడియో కాల్‌ను నమ్ముకోవద్దు. తల దువ్వి, బొట్టు పెట్టి, ఫోను ముందు కూర్చోబెట్టడానికి పది నిమిషాలు చాలు. ముఖం కాదు, మడమలూ నడుము కిందా చూపించమని పిన్నిగారి ద్వారా నెలకోసారి అడగండి. నెలకోసారి బరువు తూచాలి. నెలలో 5 శాతం గానీ ఆరు నెలల్లో 10 శాతం గానీ తగ్గితే డాక్టరు చూడవలసిందే. నిలబడలేనివారిని తూచే ఏర్పాటు లేకపోతే, పిన్నిగారే ఒక టేపు తీసుకెళ్లి ఎడమ పిక్క చుట్టుకొలత అత్యంత లావుగా ఉన్న చోట కొలిచి రాసుకోవచ్చు, కుడిది పక్షవాతం వల్ల ఎలాగూ సన్నబడుతుంది. 31 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉన్నా, నెలనెలా తగ్గుతున్నా పోషణ చాలడం లేదని అనుమానించాలి. పండుగలకు బహుమానం ఇవ్వాలనుకుంటే ఒక్క అటెండెంటుకు చాటుగా ఇవ్వకండి. ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజు మిగతావాళ్లు అటు తిరిగి చూడరు. అందరికీ సమానంగా, అందరి ముందూ ఇవ్వండి.

మీరు చూసిన మూడింటి సంగతికి వస్తే, మీరు రాసినంత వరకూ తోట ఉన్న గృహంలో రాత్రి నర్సు లేరు, శివార్ల నుంచి ఆసుపత్రికి ముప్పావు గంట ప్రయాణం. నడవగలిగి, తమ పని తాము చేసుకోగలిగినవారికి అది బాగుండవచ్చు, ఇప్పుడు మీ అమ్మగారికి కాదు. ఆసుపత్రి పైన ఉన్నదానిలో నర్సులు ఉన్నారు, కానీ రోగులందరూ పగలంతా మంచాలలోనే ఉన్నారని, మూత్రపు గొట్టం తీయనక్కర్లేదన్నారని రాశారు. వైద్యం దగ్గరగా ఉండడం వేరు, మనిషిని లేపి కూర్చోబెట్టడం వేరు. కోలుకునే అవకాశం ఉన్న ఈ మొదటి ఏడాది మంచంలోనే గడిచిపోకూడదు. కాలనీలోని మూడంతస్తుల ఇల్లు చూడడానికి సాదాగా ఉన్నా, రాత్రి డ్యూటీ నర్సు పేరు అడగగానే చెప్పారు, ఫిజియోథెరపిస్టు వారానికి ఐదు రోజులు వస్తారన్నారు, పిన్నిగారి ఇంటికి అది దగ్గర. నేనైతే దాన్ని మొదట పెట్టుకుంటాను. అయితే అక్కడి లిఫ్టు చిన్నదని మీరే రాశారు కాబట్టి కింది అంతస్తులోనే మంచం ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి, ఒక రాత్రి తొమ్మిదిన్నరకు చెప్పకుండా వెళ్లి ఆ నర్సు నిజంగా డ్యూటీలో ఉన్నారో లేదో చూడండి. ఉంటే, పూర్తి డిపాజిట్ కట్టే ముందు నెల రోజులు పరీక్షగా పెడతామని అడగండి. మీ సెలవులో మిగిలిన రోజులు ఆ నెలలోనే పడేలా చేర్చితే, మొదటి రెండు వారాలూ భోజన వేళకూ రాత్రి వేళకూ మీరే పక్కన ఉండి, అమ్మగారు ఎడమ చేత్తో అవుననీ కాదనీ ఎలా చెబుతారో ప్రతి షిఫ్టు అటెండెంటుకూ చూపించగలుగుతారు.